సొన పూసిన కలము

మా యింట పదునేడు కలము లుండెడివి. కిందటి వేసవి వరకు వానిలో వ్రాయునది యొక్కటే. అది నాది కాదు. తక్కిన పదునారును నావి. అవి పట్టుగుడ్డ పరచిన చెక్కపెట్టెలో, వెలుతురు సోకనిచోట, వరుసగా పరుండియుండెడివి. నెలకొకసారి వానిని తీసి, తుడిచి, చూచి, మరల పరుండబెట్టుచుంటిని. ఎఱుగనివారు దానిని పూజ యనుకొనిరి. నా భార్య దానికి వేరొక పేరు పెట్టినది గాని యది యిచ్చట వ్రాయదగినది కాదు.

ఉంగుటూరులో కూర్చుండి జపానుదేశపు పాత కలములను వెదకి కొనువాడొకడు గలడనిన చదువరులు నవ్వుకొందురు. నేను బడిపంతులుగా నుండి విరమించినవాడను. ఊరిలో కొంత మాగాణి, నూజివీడు దారిలో నాలుగెకరముల మామిడితోట నాకు తండ్రిగారి వలన సంక్రమించినవి. ఇట్టివానికి పింఛను చాలును, తోట చాలును, సాయంకాలము అరుగు చాలును. కలముల పిచ్చి యెట్లు పట్టినదో చెప్పవలెనన్న మా తల్లిగారి కలము మొదలు చెప్పవలెను.

మా తల్లిగారు కాపురమునకు వచ్చునాటికి అక్షరము ముక్క రానివారు. మా నాయనగారు రాత్రివేళ దీపము ముందు కూర్చుండబెట్టి ఆమెచేత ఓనమాలు దిద్దించిరి. అది మా నాయనమ్మకు సరిపడలేదు. "కోడలు కలం పడితే గరిటె ఎవరు పడతారురా?" అని ఆమె గదిలోనికి వినబడునట్లు అనుచుండెడిదట. మా తల్లిగారు రెండును పట్టిరి. గోదావరి పుష్కరములకు వెళ్లినప్పుడు నాయనగారు రాజమహేంద్రవరమున ఆమెకు ఒక రత్నము కలమును కొనియిచ్చిరి. నాటినుండి తోట లెక్కలన్నియు ఆమెయే వ్రాసిరి. ఎన్ని వందల కాయ దిగినది, ఎవరికెంత కూలి ముట్టినది, ఎవరికి ముట్టలేదు అను పద్దులు ఆ గుండ్రని వ్రాతలో ఇప్పటికిని మా యింట ఉన్నవి.

రత్నము కలము చరిత్ర తెలియని తెలుగువారు ఇప్పుడు ఎక్కువమంది యుందురని నా భయము. రాజమహేంద్రవరవాసులు కోసూరి వెంకటరత్నముగారు నిత్యోపయోగమైన స్వదేశీ వస్తువు నొకదానిని చేయవలెనను గాంధీగారి మాటను తలదాల్చి, 1932 ప్రాంతమున కలముల పని ఆరంభించిరి. కుమారప్పగారు ఆ పనిని స్వయముగా చూచిన పిమ్మట, 1935 జూలైలో గాంధీగారు ఆ కలముతో వ్రాసి చూచి, బజారులోని విదేశీ కలములకు ఇది చక్కగా బదులు కాగలదని రత్నముగారికి జాబు వ్రాసిరి. ఒక్కొక్క కలమును మరపట్టెడపై చేతితో తిప్పి చెక్కుదురు. సిరాను బొట్లు బొట్లుగా గొట్టముతో పోసికొనవలెను. చేతికి నిండుగా నుండును.

దానికి ఒక్కటే లోపము. అది రత్నముగారి లోపము కాదు, పదార్థము లోపము. రబ్బరులో గంధకమును దండిగా కలిపి చాలసేపు ఉడికించినచో నల్లని గట్టిపదార్థమొకటి యగును. దానికి ఎబొనైటు అని పేరు. చెక్కుటకు మెత్తన, చేతికి వెచ్చన, సిరాకు చెడదు. కాని యెండయు తేమయు సోకిన కొలది లోని గంధకము పైపొరను చెఱచి, నలుపు పోయి, నీరుకావిరంగు తేలును. మా తల్లిగారి కలమున వ్రేళ్లు పట్టుచోట అట్టి మచ్చ తేలినది. మూత కప్పుకొనియుండు భాగము మాత్రము నిగనిగలాడుచుండెను. పదియేండ్లవాడనై యుండగా ఆ మచ్చను పోగొట్టవలెనని, ఆమె ఇంట లేని సమయమున, కుంకుడురసము కలిపిన వేడినీళ్లలో ఆ కలమును నానవేసితిని. వేడినీళ్లు దానికి విషమని నాకేమి తెలియును! తీసి చూచునప్పటికి మిగిలిన నలుపు కూడ పోయి, పాత బెల్లపు రంగున నుండెను. నేను ఏడ్చితిని. మా తల్లిగారు సిరా పోసి, కాగితముపై రెండు గీతలు గీసి చూచి, "రాస్తుందిగా, ఇంకెందుకురా ఏడుపు?" అనిరి. ఆమెకు విషయము అంతటితో తీరినది. నాకు తీరలేదు.

ఎబొనైటు నలుపు పోవుట ప్రపంచమందంతటను కలము చేయువారికి తలనొప్పియే. దానికి జపానులో నొకరు మందు కనుగొనిరని నేను నడివయసున చదివితిని. నమికి ర్యోసుకె అను నతడు మొదట నావికావిద్య బోధించు కళాశాలలో ఉపాధ్యాయుడు. అతడు వద మసావో అను మిత్రునితో కలిసి 1918లో కలముల సంస్థను స్థాపించెను. తమ నల్లకలములు కూడ వన్నె తప్పుచుండగా, ఆ దేశమున వేల యేండ్లుగా గిన్నెలకును పెట్టెలకును పూయుచున్న ఉరుషి యను పూతను ఎబొనైటుపై నిలుచునట్లు చేయు పద్ధతిని 1925లో సాధించెను. పూత వేసిన పిమ్మట బంగారుపొడితో బొమ్మలు వేయించుట ఎంతో దూరము కాదు. 1930లో లండనులోని డన్‌హిల్ వర్తకులతో ఒడంబడిక కుదిరి, ఆ చిత్రపు కలములు ఐరోపా అమెరికాల కెగుమతి యయ్యెను. ఆ పనివారిలో మత్సుద గొన్‌రొకు అను నతడు తరువాత, 1955లో, ప్రభుత్వముచేత జాతికి సజీవనిధిగా గౌరవింపబడెను. సంస్థ పేరు 1938లో పైలటు అని మారినది. నేటి బడిపిల్లల చేతిలోని పైలటు కలము ఆ యింటి బిడ్డయే.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఈ పూతను ఇంగ్లీషువారు లాకరు అందురు. ఆ మాట మన లాక్ష నుండి, అనగా లక్క నుండి, పోయినదే. కాని వస్తువు వేరు. మన లక్క పురుగు పెట్టునది. ఏటికొప్పాకవారు అంకుడుకర్రను మరపై తిప్పుచు లక్కకడ్డీని ఒత్తినప్పుడు ఆ రాపిడివేడికి కరగి అంటుకొనును. బొమ్మ చూచుచుండగనే ముగియును. ఉరుషి యన్ననో చెట్టుపాలు. పది పదునైదేండ్లు పెరిగిన చెట్టుకు వేసవి మొదలు శరత్తు వరకు గాట్లు పెట్టి పిండినచో దొరకునది సుమారు 200 గ్రాములు మాత్రమే. అటుపిమ్మట చెట్టును నరికివేయుదురు. నూరేండ్ల మామిడికి పందిరిగుంజ పెట్టి కాపాడు మా ప్రాంతమువారికి ఈ సంగతి వినుటయే కష్టము. ఆ పాలను పలుచగా పూసి, తేమ నిండిన అలమారలో పెట్టుదురు. మన వడియములు ఎండలో ఎండును. ఉరుషి తేమలో ఎండును. గాలిలో నూటికి 70, 80 వంతుల తేమ యున్నగాని అది గట్టిపడదు. ఆరిన పూతను బొగ్గుతో నునుపుచేసి మరల పూయుదురు, మరల ఆరబెట్టుదురు. ఒక కలమునకు నెలలు పట్టును. బొమ్మను తడిపూతతో గీసి, అది ఆరకముందే సన్నని గొట్టము తట్టుచు బంగారుపొడి చల్లుదురు. అందుకే దానిని వారు చల్లిన చిత్రమందురు.

నలుపు చెడని కలము ప్రపంచమున నున్నదని తెలిసినది మొదలు నాకు నిద్ర పట్టలేదు. మొదట సాదా నల్లని దొకటి కొంటిని, తరువాత ఎఱ్ఱనిది, తరువాత కొంగలు వ్రాసినది. ఇట్లు కూర్చువాని గుణమొకటి చెప్పెదను. తాను కాపాడుచున్నానని వాడనుకొనును. లోకమంతయు మొరటుది, తానొక్కడే సున్నితుడననుకొనును. ఎండ సోకిన ఉరుషి కాంతి తగ్గునను మాట నిజమే గాని, నేను వానిని చీకటిలో పెట్టుటకు నిజమైన కారణము అది కాదు. వ్రాసినయెడల అవి వస్తువులగును. వ్రాయకున్న అవి నా సొత్తు. ఈ మాట ఇప్పుడు వ్రాయుట సులభము.

కిందటి వేసవిలో, సరిగా కాయ దిగు దినములలో, విదేశపు వర్తకుడొకడు అమ్మకమునకు పెట్టిన కలము నా కంటబడెను. 1930 నాటి దశకమున చేసినదనియు, నల్లని పూతపై బంగారు దేవదారుకొమ్మ గలదనియు, చిత్రకారుని సంతకమును ఎఱ్ఱని ముద్రయు నున్నవనియు అతడు వ్రాసెను. వెల మన రూపాయలలో 96,000, సుంకము వేఱు. ఆ వారమే నున్న బజారునుండి మొదటి దఫా కాయడబ్బు నా చేతికి వచ్చియుండెను. పదునొకండుగురు కూలీలకు తొమ్మిది దినముల కూలి ఆ సొమ్ములోనుండియే ఈయవలసియున్నది. రెండవ దఫా డబ్బు వారము దినములలో వచ్చును గదా, అప్పుడిత్తునని తలచితిని. దొంగతనము చేయుచున్నానని నాకు తోచలేదు. సర్దుబాటు చేయుచున్నాననియే తోచెను. సొమ్ము కలమునకు పోయెను. రెండవ దఫా నాటికి పెనుగాలి వీచి కాయ రాలిపోయి, ధర పడిపోయెను.

కలము వచ్చినది. నేను దానిని చూచిన చూపు ఏ తల్లియు బిడ్డను చూచియుండదు. మూడు దినములు చేతినుండి దించలేదు. నాలుగవనాడు ఉదయమున కుడిచేతి వ్రేళ్ల సందులు దురదపెట్టుటకు మొదలిడెను. సాయంకాలమునకు ఎఱ్ఱబడి పొక్కులెక్కెను. నా భార్య చేయి పట్టి దీపము దగ్గర చూచి, "ఇది సొన కాలిన పొక్కండీ. ఈ ఏడు మీరు తోట వైపే రాలేదే?" అనెను. నేను నవ్వి కొట్టివేసితిని.

మామిడికాయ తొడిమ త్రుంచగనే చిమ్ము సొన యెంతటిదో మా ప్రాంతమున చెప్పనక్కరలేదు. కాయమీద పడిన నల్లమచ్చ యగును, ధర తగ్గును. మేనిమీద పడిన కాలును. అందుచేత మగవారు చిక్కముతో తొడిమతోసహా కోసిన కాయను ఆడవారు కూర్చుండి, తొడిమ త్రుంచి, సొన కారునట్లు గడ్డిపై బోర్లించుదురు. సాయంకాలమునకు వారి ముంజేతులు చూడవలెను.

ఆ మరునాడు మా తోటలో కాయ సర్దు ఆడకూలీలలో పెద్దామె మా వాకిటికి వచ్చెను. ఆమె వచ్చినది కూలి కొఱకు. ఎనిమిది దినములుగా రేపు రేపని త్రిప్పుచున్నాను. ఆమె నోరు తెఱచి అడుగుటకు ముందే నా చేయి చూచి, "ఇదేంటి మాస్టారూ, కాయ మీరూ కోశారా?" అనెను. ఏమని చెప్పుదును! లేదని తల యూపితిని. "సొన కాలిందండీ. కొబ్బరినూనె రాయండి, గోకబాకండి," అని చెప్పుచు తన చేతులు చూపెను. మోచేతివరకు నల్లని మచ్చలు, వానిపై క్రొత్త పొక్కులు. ఆమె చేతులు కాలినది నా కాయ సర్దుటకు. నా చేయి కాలినది ఆమె కూలితో కొన్న కలము పట్టుకొనుటకు. నాకు మందు చెప్పిన యామెకు నేను తొమ్మిది దినముల కూలి బాకీ.

నా భార్య లోపలినుండి వచ్చి, ఆమెను కూర్చుండుమని చెప్పి, మజ్జిగ ఇచ్చి, తన పెట్టె తెఱచెను. అందులో నున్నది ఆమె పుట్టింటివారిచ్చిన పొలము కౌలుసొమ్ము. పదునొకండుగురి కూలియు లెక్కపెట్టి, మిగిలినవారిని కూడ పిలిపించి, సాయంకాలములోగా ఇచ్చివేసినది. నన్నొక మాట యనలేదు. పిమ్మట మా తల్లిగారి ఆ బెల్లపురంగు కలముతో, ఆమె లెక్కల పుస్తకము చివరనే, నా పేర ఒక పద్దు వ్రాసినది: "కలము నిమిత్తము, చేబదులు." అంకె వేసి క్రింద గీత గీసినది. అత్తగారి వ్రాతయు కోడలి వ్రాతయు ఒకే కలమునుండి వచ్చుటచేత కాబోలు, చూచుటకు ఒకే చేతివ్రాతవలె నుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర రాక ఉరుషిని గూర్చి మరల చదివితిని. ఇన్నేండ్లు కొనుచు ఎన్నడు చూడని సంగతి అందున్నది. ఉరుషి చెట్టు మామిడికి జ్ఞాతి. వృక్షశాస్త్రజ్ఞులు మామిడి, జీడిమామిడి, సారపప్పు, పిస్తా, చాకలివారు బట్టలకు గుర్తుపెట్టు నల్లజీడి, ఈ ఉరుషి, అన్నిటిని ఒకే కుటుంబమున చేర్చినారు. పచ్చి ఉరుషి పనివారి మేని నెట్లు పొక్కించునో, మామిడిసొన మన కూలీల మేనిని అట్లే పొక్కించును. రెండింటిలోని ఘాటుపదార్థములు దాయాదులు. ఒకదానికి అలవాటుపడి బెదరిన చర్మము రెండవదానికిని బెదరును. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమున నుండిన అమెరికా సైనికులకు చాకలిగుర్తు తగిలినచోట పుండ్లు పడినది కూడ ఈ కారణముచేతనే. నా భార్య చూచినంతనే చెప్పిన మాటకు నేను పుస్తకములలో నాలుగు గంటలు వెదకవలసివచ్చినది.

అంతట రెండవ సందేహము పుట్టినది. పూర్తిగా గట్టిపడిన ఉరుషి ఎవరిని కాల్చదు. కాల్చునదైనచో ఆ దేశమున దానితో చేసిన గిన్నెలలో పులుసు త్రాగుదురా? తొంబదియేండ్ల నాటి పూత నన్నేల కాల్చవలెను? భూతద్దము తీసితిని. కలము ప్రక్కన చెక్కిన అక్షరముల అంచులు పదునుగా నుండవలసినవి, మెత్తబడి పూతతో నిండియున్నవి. పట్టీ మొదట, లోహము మీదికి, వెంట్రుకవాసి పూత ప్రాకినది. పాత ఉరుషి ఏండ్లు గడచిన కొలది తేటపడి, నలుపులో లోపలినుండి గోధుమవన్నె తొంగిచూచును. ఇది కాటుకవలె నున్నది. తెలిసిన పెద్దలొకరికి చిత్రములు పంపగా వారును అదే మాట చెప్పిరి: ఎబొనైటు పాతది, పూత నిన్నమొన్నటిది, బొమ్మ కూడ అప్పుడే వేసినది. వర్తకునికి వ్రాసితిని. బాగుచేయించుట మోసము కాదని అతడు మర్యాదగా బదులు వ్రాసెను. సొమ్ము తిరిగి రాలేదు.

అతనిపై నాకు మొదట గొప్ప కోపము వచ్చెను. పాతదని చెప్పి క్రొత్తది అమ్మినాడు, నమ్మినవానిని మోసగించినాడు అని నా భార్యతో వాదించితిని. ఆమె బియ్యము చెరుగుచు, "రేపిస్తానని చెప్పి ఎనిమిది రోజులు తిప్పితే దాన్ని ఏమంటారండీ?" అని మాత్రము అడిగెను. ఆపైన నేను ఆ వర్తకుని మాట ఇంట ఎత్తలేదు.

చేయి మానుటకు పక్షము దినములు పట్టెను. పదునారు కలములలో మూడింటిని, తెలిసినవారికి, లోపములు చెప్పియే అమ్మితిని. పద్దు తీరినది, కొంత మిగిలినది. మరల మరికొన్ని కొనవలెనను కోరిక చచ్చినదని చెప్పజాలను. వారమునకొకసారి తల యెత్తును. కూలి మాత్రము ఇప్పుడు శనివారము శనివారము తోటలోనే నా భార్య ఇచ్చుచున్నది. నేను పేరులు చదువుదును.

దేవదారుకొమ్మ కలము అమ్మదగినది కాదు గనుక మిగిలిపోయినది. తగిలించిన పూత తేమకు నెమ్మదిగా గట్టిపడి ఇప్పుడు కాలుట లేదు. మా వానకాలమంతయు దానికి అలమారయే గదా! సిరా పోసితిని. దాని పాళీ బంగారపుది, సన్ననిది. జపాను అక్షరములకు చేసినది గనుక మన తలకట్లను దీర్ఘములను వంపు తిప్పునప్పుడు కొంచెము గీసికొనును. మూడు దినములు వ్రాసిన పిమ్మట అలవాటైనది. ఈ వ్యాసము దానితోనే వ్రాసితిని. లెక్కల పుస్తకమునకు దీనిని వాడుమని నా భార్య కిచ్చి చూచితిని. ఆమె రెండు అంకెలు వేసి, కన్నులు చికిలించి, "కనబడదండీ," అని తిరిగి యిచ్చి, మా తల్లిగారి కలము మూత తీసినది.